నీలం కోటు ఆయప్ప

హిందూపురంలో నేను పనిచేసే ఫోటో స్టూడియోలో చనిపోయిన మగవాళ్లందరికీ ఒకటే కోటు. ముదురు నీలం రంగు, అంచుల వెంబడి బంగారు జరీ, వరసగా మెరిసే గుండీలు, మణికట్టు దగ్గర తెల్లటి లేసు. పదేళ్లుగా ఆ కోటు తొడిగే పని నాదే. పొద్దున పెనుకొండలో బస్సెక్కి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంటే సాయంత్రానికి ఒకరిద్దరికి తొడిగి లేస్తాను. పెళ్లి ఆల్బములకు ఒక కాలం ఉంటుంది. ఈ పనికి కాలం లేదు, ఏడాది పొడవునా ఉంటుంది.

కోటు ఎందుకని బయటివాళ్లు అడుగుతారు. మా చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది మగవాళ్లకు బతికుండగా తీయించుకున్న మంచి ఫోటో ఒక్కటి కూడా ఉండదు. ఇంట్లో మనిషి పోయాక, కొడుకో అల్లుడో ఆధార్ కార్డు పట్టుకొస్తాడు. లేదంటే ఎవరి పెళ్లిలోనో పంక్తిలో కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా తీసిన ఫోటో తెస్తాడు. "దినాలకు పటం కావల్ల పాపా, రవ్వంత బాగా చేసియ్యి" అంటాడు. బనీను మీద ఉన్న మనిషిని బనీనుతోనే పటం కట్టించి గోడకు తగిలిస్తే బంధువులు ఏమంటారో అని వాళ్ల బెంగ. అందుకని ముఖం వరకు కత్తిరించి ఇంకొక ఒంటి మీద పెట్టాలి. మా స్టూడియోలో ఆ ఒళ్లు డచ్చి ఓడల ఆఫీసరుది.

అదొక పెయింటింగు. పాత స్టూడియోల నుంచి వచ్చిన కోటు బొమ్మలు చిన్నవి, పెద్దవి చేసేసరికి చుక్కలు చుక్కలుగా పగిలిపోయేవి. ఈ బొమ్మను మా ఓనరు ఏదో విదేశీ మ్యూజియం వాళ్ల సైటులో పట్టాడు. గోడంత చేసినా పగలదు. "ఎవుడో దొరలే అక్కా, వాన్ని వదిలెయ్యి. కోటు చూడు, కోటు!" అని మురిసిపోయాడు. నేను చూశాను. బొమ్మ కింద ఇంగ్లీషులో ఒక వరస ఉండేది, దాన్ని చదివే ఓపిక నాకు చాలా ఏళ్లు రాలేదు. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చిన ఒక కాలేజీ లెక్చరరు మేడమ్ వెనక నుంచి చూసి చదివి చెప్పింది. హాలండ్ దేశం, పద్దెనిమిదో శతాబ్దం, నౌకాదళం ఆఫీసరు. గీసినవాడి పేరు ఉందట, గీయించుకున్నవాడి పేరు మాత్రం తెలియదట. అంత డబ్బు పోసి గీయించుకుని పేరు నిలబెట్టుకోలేకపోయాడే అని నాకు నవ్వొచ్చింది.

మనిషికి నలభై ఏళ్లుంటాయి. ఎర్రటి బుగ్గలు, గడ్డం కింద మడత, చెవుల మీద చుట్టలు చుట్టిన తెల్ల విగ్గు. ఎడమ చెయ్యి నడుం మీద, పక్కన కత్తి, కుడి చేతిలో దుర్భిణి. పెదవులు మూసే ఉంటాయి కానీ ఒక మూల నవ్వు దాగి ఉంటుంది, ఎవరి మీదో జోకు తెలిసినట్టు. వెనక సముద్రం, దాని మీద తెరచాపల ఓడ. నేను చేసిన పని ఏమిటంటే, విగ్గు తీసేశాను. సముద్రం తీసేసి నీలం తెర కట్టాను. కత్తి పిడి చెరిపేశాను. దుర్భిణిని చుట్టిన కాగితంగా మార్చాను, చాలా ఇళ్లలో దాన్ని ఇంటి పట్టా అనుకుంటున్నారు. పాళెగాళ్ల వంశమని చెప్పుకునే ఒక్క ఇంటికి మాత్రం కత్తి ఉంచమంటే ఉంచాను. బుక్కపట్నం చెరువులో చేపలు పట్టే ఆయన పోయినప్పుడు కొడుకులు సముద్రం ఉన్న అసలు బొమ్మ చూసి, "మా నాయన బతికిందే నీళ్ల మింద. ఆ పడవ ఉండనీ పాపా" అన్నారు. ఉండనిచ్చాను. జీవితమంతా చెరువులో బుట్టలాంటి పుట్టి మీద తిరిగిన మనిషి ఇప్పుడు ఆ ఇంట్లో ఓడ ముందు నిలబడి ఉన్నాడు.

ఒకసారి కొత్తచెరువులో పెళ్లికి పోతే ఒకే వీధిలో మూడిళ్లలో నా కోటు కనిపించింది. మూడిళ్లలోనూ మంచినీళ్లిచ్చారు. నేను పటాల వైపు చూడకుండా తాగి వచ్చేశాను. సిగ్గేమీ కాదు, పని పని. కాకపోతే ఆ ముగ్గురి కింద ఒకే మనిషి దాక్కుని ఉన్నాడని ఆ వీధిలో తెలిసింది నా ఒక్కదానికే.

దాక్కుని ఉన్నాడనే అనాలి. కంప్యూటరులో ఆఫీసరు ముఖాన్ని నేనెప్పుడూ చెరపలేదు. అది అడుగున ఉంటుంది, దాని మీద పోయినవాళ్ల ముఖం పరుస్తాను. పరిచాక పై ముఖాన్ని సగానికి పల్చన చేస్తాను. అప్పుడు రెండు ముఖాలూ ఒకేసారి కనిపిస్తాయి. కంటి మీద కన్ను, ముక్కు మీద ముక్కు సరిగ్గా కూర్చోబెట్టి, మెడ అతికించి, చివర మళ్లీ పూర్తిగా చిక్కన చేస్తాను. ఆఫీసరు మాయమవుతాడు. పని అయిపోతుంది.

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. ఒకసారి కంటి ఆస్పత్రికని హిందూపురం వచ్చి, పనిలో పనిగా నన్ను చూడటానికి స్టూడియోకు వచ్చాడు. నేను గొప్పగా ఆఫీసరు బొమ్మ చూపించాను. నాయన ముఖం వైపు చూడనే లేదు. కళ్లద్దాలు పైకి తోసి, కంప్యూటరు తెరకు ముక్కు తగిలేంత దగ్గరగా వంగి కోటు అంచు చూశాడు.

"ఈ జరీ ఎట్ల కొట్టినాడో చూడు మే. పోగు పోగూ లెక్కబెట్టచ్చు."

"అది నేసింది కాదు నాయనా, గీసింది."

"గీసినోనికి నేత తెలుసులే. తెలీకపోతే మలుపు కాడ అంచు ఇట్ల తిరగదు" అన్నాడు. ఆ తర్వాత చాయ్ తాగి, రైలుకు టైమైందని వెళ్లిపోయాడు. నాయనకు మనుషుల కంటే అంచులే ఎక్కువ కనిపించేవి. దాని గురించి అమ్మ జీవితమంతా సణుగుతూనే ఉంది.

నాయన పోయింది మధ్యాహ్నం పూట. అన్నం తిని, మగ్గం పక్కన చాప మీద పడుకుని, లేవలేదు. తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను ఎవరికో కాలరు సరిచేస్తున్నాను. విన్నాను. కాలరు పూర్తి చేసి, ఫైలు సేవ్ చేసి, కంప్యూటరు ఆపి, ఓనరుకు చెప్పి స్టేషనుకు పోయాను. రైలు పెనుకొండలో ఆగినప్పుడు మా ఆయన, పిల్లలు ఎక్కారు. నాకు ఏమీ అనిపించలేదు. కొయ్యబారిపోయాను అంటారే, అంత కూడా కాదు. కొయ్యకైనా బరువుంటుంది.

ధర్మవరంలో అందరూ నన్ను పట్టుకుని ఏడ్చారు. నేను వాళ్ల వీపులు నిమిరాను. అమ్మ కూడా ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరు వచ్చినా "గ్లాసులు ఆ గూట్లో ఉండాయి, నీళ్లు తీసుకోండి" అని చెప్పింది. మేనత్త మా ఇద్దరి మధ్య కూర్చుని, "ఏడ్చండమ్మా, లోపల పెట్టుకోగూడదు" అంది. నేను ప్రయత్నించాను కూడా. నాయన చెయ్యి పట్టుకున్నాను, చెవి దగ్గర నాయనా అన్నాను. అందరూ చూస్తున్నారని మాత్రం తెలిసింది.

పటం నేనే చేయాలని ఎవరూ అడగకుండానే తేలిపోయింది. "నువ్వుండంగా ఇంగెవుర్తో చేపిచ్చేదక్కా" అన్నాడు తమ్ముడు. అమ్మ ఒక్క మాటే అంది.

"అందురికీ ఏస్తావు గదా, ఆ కోటు ఎయ్యి. మీ నాయన ఒకనికి తక్కువ గాకూడదు."

వెనక్కి వచ్చి స్టూడియోలో కూర్చున్నాను. నా ఫోనులో నాయన నేసిన చీరల ఫోటోలు వందలున్నాయి. ప్రతిదాంట్లో కొంగు అంచు పట్టుకున్న ఆయన వేళ్లున్నాయి. ముఖం ఒక్కదాంట్లో కూడా లేదు. పది మందికీ ఏ ఫోటో లేదని నవ్వుకున్నదాన్ని, మా నాయనకు నేను కూడా ఒక్కటీ తీయలేదు. చివరికి ఆధార్ కార్డే దిక్కైంది. గడ్డం పైకెత్తి, కళ్లు సగం మూసి, బుగ్గలు లోపలికి పోయి, రెండు రోజుల గడ్డంతో ఉన్నాడు. స్కాను చేసి పెద్దది చేశాను. ముఖం తెర నిండా వచ్చింది. ఎవరి నాయననో చేసినట్టే చేశాను, చెవి అంచు కత్తిరించాను, పల్చన చేసి ఆఫీసరు కళ్ల మీద నాయన కళ్లు కూర్చోబెట్టాను, మెడ రంగు కలిపాను. అంతలో తమ్ముడు ఫోన్ చేశాడు. ధర్మవరంలో పటాలు కట్టే అంగడివాడు రేపు ఊళ్లో ఉండడంట, ఫైలు ఇప్పుడే పంపితే ప్రింటు తీసి ఈ పొద్దే కట్టేస్తాడంట. పంపేశాను.

పదకొండో రోజు పొద్దున ధర్మవరం ఇంట్లోకి తమ్ముడు పటాన్ని న్యూస్‌పేపరులో చుట్టి తెచ్చాడు. కుర్చీలో పెట్టి కాగితం చించాడు. చూడగానే నాకు అర్థమైంది. నేను ముఖాన్ని మళ్లీ చిక్కన చేయలేదు. కనుబొమలు నాయనవే, నుదురు నాయనదే. కానీ కింద నుంచి ఆఫీసరు తేలి వచ్చాడు. లోపలికి పోయిన బుగ్గలు నిండాయి, ఎర్రబడ్డాయి. మాసిన గడ్డం పోయింది. సగం మూసిన కళ్లు తెరుచుకున్నాయి. పెదవి మూల ఆ నవ్వు వచ్చి కూర్చుంది.

భయమేసింది. దుఃఖం కాదు, పనిలో తప్పు చేసి దొరికిపోయేముందు వేసే భయం. పదేళ్లలో ఏ ఇంటికీ చేయని తప్పు మా ఇంటికి చేశాను. ఎవరో ఒకరు ఇప్పుడు అరుస్తారని నిలబడ్డాను.

"ఏం కళ వచ్చిందప్పా!" అన్నాడు చిన్నాయన.

"రంగు దేలినాడే. ఉన్నబ్బుడు ఇంత బాగా ల్యాకపాయె" అంది మేనత్త, కళ్లు తుడుచుకుంటూ.

ఇక మిగిలింది అమ్మ. ఆమె దగ్గరికొచ్చి పటాన్ని చాలాసేపు చూసింది. కొంగుతో అద్దం మీది దుమ్ము తుడిచింది. "సరిపాయెలే. తగిలించండి" అంది. ఆమే బొట్టు పెట్టింది, ఆమే దండ వేసింది. అందరూ ఆ నవ్వుతున్న మనిషికి దండం పెట్టుకున్నారు. నేను కూడా పెట్టుకున్నాను.

ఆ తర్వాత నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సింది ఆ రోజే, ఆ రోజు దాటాక ప్రతి రోజూ కష్టమైపోయింది. అమ్మ సాయంత్రాలు ఫోన్ చేసి "ఆయప్పకు దండ మార్చినా" అనేది. "ఆయప్ప మింద బల్లి పాకతాంటే తోలినా" అనేది. రోజూ పొద్దున లేచి ఆమె దండం పెట్టుకుంటున్నది సగం మా నాయనకు, సగం ఎవరో సముద్రాల మీద తిరిగినవాడికి. ఆధార్ కార్డు మీది చిన్న బొమ్మ తప్ప ఇంట్లో ఇంకో ఫోటో లేదు. అదే చూస్తూ చూస్తూ ఆమెకు అసలు ముఖం మరుపుకొస్తే? ఒక మనిషి ముఖం సొంత ఇంట్లోనే లేకుండా పోవడానికి కారణం నేనవుతాను. అంతకు మించి నాకేమీ అనిపించడం లేదు కానీ, ఈ ఒక్కటి మాత్రం గుచ్చుతూనే ఉంది.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు బస్సులో కూర్చుని నాయన ముఖం గుర్తు తెచ్చుకుందామని చూశాను. వచ్చింది, పెదవి మూల నవ్వుతో వచ్చింది. నాయన అలా ఎప్పుడూ నవ్వలేదు. నవ్వితే పళ్లన్నీ కనిపించేలా నవ్వేవాడు, లేదంటే అసలు నవ్వేవాడు కాదు. ఆ రోజు స్టూడియోకు పోగానే పాత ఫైలు తెరిచాను. ముఖాన్ని చిక్కన చేశాను. ఆఫీసరు లోపలికి పోయాడు, నాయన బయటికి వచ్చాడు. మాసిన గడ్డం కూడా అట్లే ఉంచాను. అదే సైజులో ప్రింటు తీయించి, హిందూపురంలోనే పటం కట్టించాను.

దాన్ని దుప్పట్లో చుట్టి రైల్లో ఒళ్లో పెట్టుకుని ధర్మవరం పోయాను. ఎదురుగా కూర్చున్న ముసలామె "ఎవురిది పటం?" అని అడిగింది. "మా నాయనది" అన్నాను. ఆమె దుప్పటికే దండం పెట్టింది.

ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది, పటం కింద కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతోంది. తమ్ముడికి మగ్గం మీదికి దారం ఆమే చుట్టి ఇస్తుంది. నేను దుప్పటి మూటను గోడకు ఆనించి, నిలబడే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"అమా, ఆ పటంలో ఉండేది సగం నాయన కాదు. కోటు ఆయప్ప మొగం కింద నుంచి వచ్చేసింది. నేనే చూసుకోలే. తప్పు నాదే."

రాట్నం ఆగలేదు. "తెలుసు" అంది.

"ఎబ్బుటి నుంచి?"

"తెచ్చిన పొద్దే. నలభై ఏండ్లు కూడు పెట్టిన మొగం మే. నాకు తెలీదా?"

"మరేంటికి చెప్పలే?"

"చెప్తే మార్చిస్తావని."

ఆమె దారం తెగితే ముడి వేసి, మళ్లీ తిప్పుతూ చెప్పింది.

"నేను పొద్దస్తమానం ఈ గోడ కిందనే కూసోవల్ల. ఆయన పైనుంచి చూస్తాంటే నా చేత కండె తిరగదు. ఈ ఆయప్పయితే ఎవురో. పూలు పెడతా, దండం పెడతా, నా పని నేను చేసుకుంటా. పాపం, ఆయప్ప కూడా మంచోని మాదిరే ఉండాడు."

అప్పుడు తట్టింది నాకు. నాలుగు నెలలుగా ఫోనులో ఆమె ఆయప్ప, ఆయప్ప అంటూనే ఉంది. మా అమ్మ నాయనను ఎప్పుడూ ఆ మాట అనలేదు. నాయన ఆమెకు "ఆయన", మాతో అయితే "మీ నాయన". ఆయప్ప అంటే కరెంటు బిల్లు కొట్టడానికి వచ్చేవాడు, బ్యాంకులో కుర్చీలో ఉండేవాడు, మర్యాద ఇవ్వాల్సిన పరాయివాడు. ఆమె రోజూ నాకు చెబుతూనే ఉంది. నేనే వినలేదు. నేను దాచాననుకున్న నాలుగు నెలలూ ఆమె నాకంటే బాగా దాచింది.

"ఆ మూటలో ఏముండాది? మార్చి తెచ్చినావా?" అని అడిగింది.

తలూపాను. "చూపించు" అంది. దుప్పటి విప్పి ఆమె ముందు పెట్టాను. రాట్నం ఆగింది. ఆమె చూసింది, ఎంతసేపో కాదు. కొంగు లాగి పటం మీద, ముఖం ఉన్న చోట, కప్పేసింది.

"ఈయన్ను యాడికి తెచ్చినావు మే" అంది. "ఈయన పాయె గదా."

ఏడవలేదు. కొంగు మీంచి అరచెయ్యి తీయలేదు. అట్లే నన్ను అడిగింది.

"దీన్ని చేసేటబ్బుడు ఏడ్చినావా?"

"ల్యా."

"రవ్వంతైనా?"

"ల్యా అమా."

"ఇబ్బుడు చూస్తే వస్తాందా?"

ఆమె కొంగు తీసింది. చూశాను. గడ్డం పైకెత్తి, కళ్లు సగం మూసి, నీలం కోటులో నాయన. నిజం చెప్పాలి కాబట్టి చెప్పాను. "రాలేదు."

ఆమె కోప్పడలేదు. పటాన్ని మళ్లీ దుప్పట్లో చుట్టింది, పసిబిడ్డకు చుట్టినట్టు మూలలు లోపలికి మడిచి. నా చేతుల్లో పెట్టింది.

"అయితే నువ్వే పెట్టుకో. చూడగలిగేటోళ్లింట్లో ఉండల్ల ఆయన."

ఇప్పుడు ఆ పటం పెనుకొండలో మా వంటింటి గుమ్మం పైన ఉంది. జడ వేసుకుంటూ చూస్తాను, పిల్లల క్యారియర్లు కడుతూ చూస్తాను. అమ్మ క్షణం సేపు చూడలేకపోయిన ముఖాన్ని నేను రోజంతా చూడగలుగుతున్నాను. మెచ్చుకోవాల్సిన సంగతి కాదని నాకు తెలుసు. నాయన మీద నాకు ప్రేమ తక్కువేమో, అందుకే ఈ పటాన్ని చూసే పనికి అమ్మ నన్ను పెట్టిందేమో అని భయంగా ఉంటుంది. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

అమ్మ సాయంత్రాలు ఫోన్ చేస్తూనే ఉంది. తిన్నారా అని అడుగుతుంది, పిల్లల గురించి అడుగుతుంది. ఇక పెట్టేస్తుందనుకునేసరికి, గొంతు తగ్గించి, "మీ నాయన ఎట్లుండాడు?" అంటుంది. ఆమెకు అబద్ధం చెప్పడం ఇష్టం లేక, ప్రతిసారీ లేచి వంటింటి గుమ్మం దగ్గరికి పోయి, తలెత్తి చూసి అప్పుడు చెబుతాను.

"ఈడ్నే ఉండాడు అమా."